పెన్రిత్ డిఫెన్స్ వెనక ఎవరెవరున్నారు? పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు లాస్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ చెరో ప్రశ్న వేశారు. రగ్బీ లీగ్‌లో కోచ్ గ్రౌండ్ పక్కన నిలబడకుండా పైన గదిలో ఎందుకు కూర్చుంటాడని కార్తీక్ అడిగాడు. టీమ్‌కి అసలు బాస్ కోచా, ఆఫీసులో కూర్చునేవాళ్లా అని లాస్య అడిగింది. ఫోన్‌లో చెబితే సగమే చెప్పగలనని, సిడ్నీలోని పెన్రిత్ పాంథర్స్ అనే రగ్బీ లీగ్ జట్టును ఉదాహరణగా తీసుకుని ఇలా రాస్తున్నాను. నేను సిడ్నీ పడమటి వైపు మీ మామయ్య ఇంటికొచ్చాక ఈ ఆట మీద ఇష్టం పెరిగింది. ఇక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు గానీ, మనవాళ్ల చూపంతా క్రికెట్ మీదే. అందుకే మీరు దీని గురించి అడిగితే నాకు సంతోషమేసింది.

ముందు ఆట సంగతి. టీమ్‌కి పదమూడు మంది, ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడాన్ని ట్యాకిల్ అంటారు. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్ వరకే అవకాశం. ఆరోసారి దొరికిపోతే బంతి అవతలి జట్టుది. గీత దాటి బంతిని నేలకు తాకిస్తే 'ట్రై', దానికి 4 పాయింట్లు. ఆ తర్వాత గోల్ కొడితే ఇంకో 2. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో, ఆటకోసం పని మానుకునే కార్మికులకు పోయిన కూలి కట్టివ్వాలన్న గొడవ మీద 22 క్లబ్బులు విడిపోయి పెట్టుకున్నదే ఇది.

ఇప్పుడు డిఫెన్స్, అంటే అవతలి జట్టును గీత దాటనివ్వకుండా అడ్డుకోవడం. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

ఒకణ్ణి ట్యాకిల్ చేసి పడగొట్టారనుకోండి. పడినవాడు లేచి బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు. అతనికి ఎదురుగా డిఫెన్స్ వాళ్లు ఇద్దరు నిలబడొచ్చు, వాళ్లను మార్కర్లు అంటారు. మిగతావాళ్లంతా 10 మీటర్లు వెనక్కి పోవాలి. బంతి కదిలిన మరుక్షణం ఆ వరసంతా ఒక్కసారిగా ముందుకు ఉరకాలి. ఒక ట్యాకిల్‌కు ఇంత. ఇలా ఒక్కో మ్యాచ్‌లో మధ్యలో ఆడే బలమైనవాళ్లు తలా ముప్పై, నలభై ట్యాకిల్స్ చేస్తారు. ప్రతిసారీ వెనక్కి పరిగెత్తడం, మళ్లీ ముందుకు రావడం. టీవీలో కెమెరా బంతి వెనకే పోతుంది గానీ ఈ వెనక్కి పరుగులు మనకు కనిపించవు.

మీ స్కూల్లో కబడ్డీ ఆడతారు కదా. మూల మీద ఉన్నవాడు, పక్కవాడు చేతులు పట్టుకుని చైన్ కడతారు. రైడర్ కూతకొచ్చినప్పుడు ఇద్దరిలో ఒకడు తొందరపడి ముందుకు దూకితే చైన్ తెగిపోతుంది, రైడర్ గీత తాకేసి వెళ్లిపోతాడు. ఇక్కడా అంతే. చేతులు మాత్రం పట్టుకోరు, నోటితో పట్టుకుంటారు. బంతికి అటూ ఇటూ ఉన్న మొదటివాణ్ణి ఏ అని, రెండోవాణ్ణి బీ అని, ఆ తర్వాతివాణ్ణి సీ అని పిలుస్తారు. ఎదురుగా వచ్చేవాళ్లలో ఎవరు ఎవరిని పట్టుకోవాలో పైకి అరిచి చెప్పుకుంటారు. వెనకాల ఫుల్‌బ్యాక్ అటూ ఇటూ కదులుతూ తలలు లెక్కపెడతాడు. ఎడమ పక్క అవతలివాళ్లు ఒకరు ఎక్కువున్నారు అనిపిస్తే ఒకణ్ణి అటు లాగుతాడు. మనవాళ్లు సరిపడా ఉంటే ముందుకు దూసుకెళ్లాలి, తక్కువైతే పక్క గీత వైపు జరుగుతూ టైమ్ సంపాదించాలి. ఈ నిర్ణయానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. పక్కవాడు ఏం చేస్తాడో ముందే తెలియకపోతే ఆ సమయం ఏ మూలకూ చాలదు.

పడగొట్టే పద్ధతిలో కూడా చాలా చదువుంది. ఒకడు పైన బంతిని బిగించి పట్టుకుంటాడు, ఇంకొకడు కాళ్లు, మూడోవాడు పక్కనుంచి. అవతలివాడు ఎంత ఆలస్యంగా లేస్తే మనవాళ్లు 10 మీటర్లు వెనక్కి పోయి వరస కట్టుకోవడానికి అంత వీలు. మెల్‌బోర్న్ స్టార్మ్ కోచ్ క్రెయిగ్ బెలమీ కుస్తీ నేర్పేవాణ్ణి ప్రత్యేకంగా పెట్టుకుని ఈ విద్యను బాగా ముందుకు తీసుకెళ్లాడు. అతి చేస్తే మాత్రం రెఫరీ ఊరుకోడు, అవతలివాళ్లకు మళ్లీ ఆరు ట్యాకిల్స్ మొదటినుంచి ఇచ్చేస్తాడు.

ఇక పెన్రిత్ పాంథర్స్ దగ్గరికొస్తాను. పెన్రిత్ సిడ్నీకి పడమటి కొసన, నెపియన్ నది ఒడ్డున, బ్లూ మౌంటెన్స్ కొండల మొదట్లో ఉంటుంది. క్లబ్ 1967 నుంచి పెద్ద లీగ్‌లో ఆడుతోంది. 1991లో, 2003లో కప్పు గెలిచింది. 2003 ఫైనల్లో ఒక ట్యాకిల్‌ని ఇక్కడివాళ్లు ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. వానలో తడిసిన గ్రౌండ్, స్కోరు 6–6. సిడ్నీ రూస్టర్స్ వింగర్ టాడ్ బర్న్ పక్క గీత వెంబడి తప్పించుకుని పరిగెడుతున్నాడు. మంచి వేగం ఉన్నవాడు, ముందు అడ్డం ఎవరూ లేరు. పెన్రిత్‌లో 'లాక్' అనే స్థానంలో ఆడే స్కాట్ సాట్లర్‌ది అంత వేగం కాదు. గ్రౌండ్‌ని అడ్డంగా కోసుకుంటూ వచ్చి, దూకి, అతన్ని గీత బయటకు లాక్కుపోయాడు. పెన్రిత్ 18–6తో గెలిచింది. కోచ్ బోర్డు మీద గీసే బొమ్మల్లో అలాంటి పరుగు ఉండదు. కానీ ఎక్కడికి పరిగెత్తితే అతన్ని అందుకోవచ్చో ఆ కాళ్లకు తెలియడం మాత్రం ఏళ్ల తరబడి చేసిన సాధనే.

2021 సంగతి ఇంకా గొప్పది. ఫైనల్స్ అని పిలిచే చివరి దశలో మొదటి మ్యాచ్ సౌత్ సిడ్నీ చేతిలో 16–10తో ఓడిపోయారు. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. తర్వాత పరమట్టాని 8–6తో, మెల్‌బోర్న్‌ని 10–6తో, ఆఖరి ఫైనల్లో మళ్లీ అదే సౌత్ సిడ్నీని 14–12తో గెలిచారు. ఆ స్కోర్లు మళ్లీ ఒకసారి చూడండి. మూడు మ్యాచ్‌లు, ఒక్కదాంట్లోనూ 14 దాటలేదు, అయినా కప్పు వాళ్లదే. తర్వాత 2022, 2023, 2024 కూడా గెలిచి వరసగా నాలుగు చేశారు.

లాస్యా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒక మంచి ఆటగాణ్ణి కొనుక్కొస్తే రేపటినుంచే నాలుగు ట్రైలు ఎక్కువ రావచ్చు. డిఫెన్స్‌ని అలా కొనుక్కురాలేం. అదే మనుషులు ఏళ్లపాటు పక్కపక్కన ఆడితేనే వస్తుంది. వాళ్లను ఏళ్లపాటు పక్కపక్కన ఉంచడం కోచ్ ఒక్కడి చేతిలో లేదు.

క్లబ్ నడిచే తీరు ఇది. పైన బోర్డు. దాని కింద సీఈఓ, అతను డబ్బు, స్టేడియం, స్పాన్సర్లు చూస్తాడు. ఆట వ్యవహారాలకు ఒక జనరల్ మేనేజర్. ఏ ఆటగాడికి ఎన్నేళ్ల కాంట్రాక్ట్, ఎంత డబ్బు, కింది స్థాయి జట్లు ఎలా ఉన్నాయి, రాబోయే నాలుగేళ్లకు ఏం కావాలి అన్నవి ఆయన తలనొప్పులు. హెడ్ కోచ్‌ది ఈ వారం మ్యాచ్, జట్టు ఎంపిక. ఆయన కింద అసిస్టెంట్ కోచ్‌లు, ఒకరు అటాక్ చూస్తే ఒకరు డిఫెన్స్. ఇంకా ఫిట్‌నెస్ వాళ్లు, డాక్టర్, ఫిజియో, వీడియోలు కోసి చూపించేవాళ్లు.

కార్తీక్, కోచ్ పైన ఎందుకు కూర్చుంటాడంటే, కింద నుంచి చూస్తే వరసలో ఖాళీలు కనపడవు. పైనుంచి పదమూడు మందీ ఒకేసారి కనిపిస్తారు. చెప్పాల్సింది హెడ్‌సెట్‌లో ట్రైనర్‌కి చెబుతాడు, నీళ్ల సీసాతో లోపలికి వెళ్లే ఆ ట్రైనర్ ఆటగాళ్లకు చేరవేస్తాడు. ఆట సాగుతుంటే అరిచి లాభం లేదు, ఆ హోరులో ఎవరికీ వినపడదు.

ఈ పనులు ఎవరివి వాళ్లు చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి మెల్‌బోర్న్ స్టార్మ్ ఉంది. ప్రతి క్లబ్ ఆటగాళ్ల జీతాలకు ఇంతే ఖర్చుపెట్టాలని లీగ్ పెట్టిన హద్దు ఉంటుంది, దాన్ని శాలరీ క్యాప్ అంటారు. స్టార్మ్ ఆఫీసు ఏళ్లపాటు ఆ హద్దు దాటి, లెక్కలు దాచిందని 2010 ఏప్రిల్‌లో బయటపడింది. 2007, 2009 కప్పులు రెండూ లాగేసుకున్నారు. ఆ ఏడాది మిగతా సీజన్ అంతా పాయింట్లు లేకుండా ఆడించారు. మ్యాచ్ గెలిచినా సున్నాయే. తప్పు జరిగింది కాగితాల్లో, చెమటోడ్చిన పిల్లల కప్పులు పోయాయి. నాకు అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. అప్పుడూ కోచ్ బెలమీనే, అయినా క్లబ్ అతన్ని మార్చలేదు. 2012లో అదే జట్టు మళ్లీ కప్పు గెలిచింది, ఈసారి లెక్కలు సరిగ్గానే.

పెన్రిత్‌లో 1991 కప్పు గెలిపించిన కోచ్ ఫిల్ గూల్డ్. అతను 2011లో జనరల్ మేనేజర్‌గా తిరిగొచ్చాడు. అప్పటికి క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో ఉంది. బయటినుంచి పేరున్నవాళ్లను తేవడం కంటే ఆ చుట్టుపక్కల పిల్లల మీద ఖర్చుపెట్టాలని పట్టుబట్టాడు. అక్కడ చిన్నపిల్లల టీమ్‌లు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నాయి, బ్రయన్ టోఓ, జరోమ్ లువాయి లాంటివాళ్లు అలా మౌంట్ డ్రూయిట్ వైపు నుంచి వచ్చినవాళ్లే. 2012లో ఐవన్ క్లియరీని కోచ్‌గా తెచ్చిందీ గూల్డే, 2015లో అలసిపోయినట్టున్నాడంటూ తీసేసిందీ గూల్డే. తండ్రి వెళ్లిపోయినా కొడుకు నేథన్ ఆ క్లబ్‌లోనే ఉండి 2016లో పెద్ద జట్టులోకి వచ్చాడు. 2019కి తండ్రిని మళ్లీ పిలిపించారు. ఆ ఏడాది పదో స్థానం. మరుసటి ఏడాది లీగ్ దశలో ఓడింది ఒక్క మ్యాచే. తండ్రి కోచ్, కొడుకు కీలక ఆటగాడు అంటే జనం ఊరికే ఉంటారా? బోలెడు మాటలన్నారు. నేథన్ 2023 ఫైనల్లో 24–8తో వెనకబడ్డ జట్టును 26–24తో గెలిపించాక ఆ మాటలు ఆగిపోయాయి.

క్లబ్ డబ్బు సంగతి కూడా దాచను. హోటళ్లు, బార్లతో పాటు పోకర్ మెషీన్లు, అంటే జూదం యంత్రాలు నడిపే సభ్యుల క్లబ్ నుంచి వచ్చే ఆదాయం ఇందులో ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో చాలా క్లబ్బులకు ఇది మామూలే. ఏ ఇంటివాడో పోగొట్టుకున్న జీతంతో పిల్లలకు బంతులు కొనడం నాకు నచ్చదు. ఈ ఆట బాగుండాలంటే వాళ్లు వేరే దారి వెతకాలి.

2022లో పెన్రిత్ పెద్ద జట్టే కాదు, దాని కింది స్థాయి న్యూ సౌత్ వేల్స్ కప్, 21 ఏళ్లలోపు, 19 ఏళ్లలోపు జట్లు కూడా కప్పులు గెలిచాయి. కింది జట్టులో పద్ధతి ఒంటబట్టిన కుర్రాడు పైకొచ్చేసరికి, పక్కవాడి అరుపు విని ఏం చేయాలో కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఆ ఏడాది చివర డిఫెన్స్ చూసే కామెరాన్ సిరాల్డో బుల్డాగ్స్‌కీ, ఇంకో అసిస్టెంట్ ఆండ్రూ వెబ్‌స్టర్ న్యూజిలాండ్ వారియర్స్‌కీ హెడ్ కోచ్‌లుగా వెళ్లిపోయారు. ఇద్దరూ ఒకేసారి పోయినా తర్వాతి రెండు కప్పులూ పెన్రిత్‌వే. కానీ ఆటగాళ్లు పోతే దెబ్బ తగులుతుంది. శాలరీ క్యాప్ వల్ల గెలిచిన జట్టుకు అందరినీ ఉంచుకోవడం కష్టం. లువాయి, జేమ్స్ ఫిషర్-హ్యారిస్ వెళ్లిపోయిన 2025లో జట్టు మొదట పట్టికలో అట్టడుగు దరిదాపులకు జారింది. తర్వాత కోలుకుని, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద బ్రిస్బేన్ చేతిలో 16–14తో ఆగిపోయింది.

ఈసారి పెన్రిత్ మ్యాచ్ పెట్టుకున్నప్పుడు ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి, వెనకాల ఒంటరిగా తిరిగే ఫుల్‌బ్యాక్ డిలన్ ఎడ్వర్డ్స్‌ని చూడండి. 2022 ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పతకం అతనిదే. ఎప్పుడు ఎటు చెయ్యి చూపిస్తున్నాడు, చూపించాక ముందున్న వరసలో ఎవరు జరుగుతున్నారు, ఇవి ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించండి.

మీ తాతయ్య