దేనికని అడిగారు? కేన్సర్ విభాగానికి విరాళాలు: అపోహలు - వాస్తవాలు

విరాళాల సేకరణ ముగిసిన రాత్రి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత వచ్చింది? నేను మాత్రం కరపత్రం చేతికి తీసుకుని, దేనికని అడిగారో చూస్తాను. ఆసుపత్రిలోని కేన్సర్ విభాగం కోసం జనం దగ్గర చందాలు పోగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. డబ్బు రాక చతికిలబడ్డ ప్రయత్నాలు కొన్ని చూశాను. డబ్బు దండిగా వచ్చాక దాన్ని ఖర్చుపెట్టే దారి లేక తల పట్టుకున్నవాళ్లను అంతకంటే ఎక్కువ చూశాను. ఈ రెండో రకం చిక్కు దాదాపు ప్రతిసారీ మొదటి రోజు రాసుకున్న నాలుగు వాక్యాల్లోనే మొదలవుతుంది. కొత్తగా ఈ పనికి దిగేవాళ్ల నోట పదేపదే వినే మాటలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్ద యంత్రం ఒకటి కొనిస్తే చాలు, కేన్సర్ వైద్యం దగ్గర్లోనే దొరుకుతుంది.

వాస్తవం: యంత్రం కంటికి కనిపిస్తుంది, దానికి రిబ్బను కట్టవచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగవచ్చు. అందుకే అందరి చూపూ దాని మీదే. కేన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్ అవసరమవుతుంది కాబట్టి దాన్ని ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం కావాలనుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ యంత్రం మామూలు గదిలో ఇమడదు. కిరణాలు బయటికి రాకుండా ఆపేందుకు గోడలను మీటరు నుంచి రెండు మీటర్లకు పైగా మందాన కాంక్రీటుతో కట్టాలి, కిరణపుంజం నేరుగా తగిలే గోడ ఇంకా మందంగా ఉండాలి. రేడియేషన్ వైద్యులు, టెక్నాలజిస్టులతో పాటు మోతాదు లెక్క కట్టే మెడికల్ ఫిజిసిస్ట్ ఉండాలి. రోజూ మొదటి రోగి లోపలికి వెళ్లేలోపే యంత్రం ఇచ్చే మోతాదును కొలిచి సరిచూడాలి. ఏటా నిర్వహణ ఒప్పందానికి డబ్బు కట్టాలి. ఇంతా చేస్తే దాని ఆయుష్షు పది, పదిహేనేళ్లు. ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తాం. నిర్వహణకు సొమ్ము లేక యంత్రం వారం రోజులు ఆగిపోతే, చికిత్స మధ్యలో ఉన్న రోగికి ఆ విరామమే హాని చేస్తుంది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే.

కథ తిరగబడిన సందర్భమూ ఉంది. పోలండ్ రాజధాని వార్సాలో రేడియం సంస్థ కట్టడానికి అక్కడి జనం ఇటుకకు ఇంతని చందాలిచ్చారు. గోడలు లేచాయి, లోపల రోగులకు చికిత్స చేయడానికి రేడియం (కిరణాలు వెలువరించే లోహం) లేదు. మేరీ క్యూరీ 1929లో మళ్లీ అమెరికా వెళ్లి, అక్కడి దాతల సాయంతో ఆ సంస్థకు ఒక గ్రాము రేడియం సంపాదించారు. 1932లో సంస్థ తెరుచుకుంది. గది ఉంటే సరుకు లేదు, సరుకు ఉంటే మనిషి లేడు. నా పనిలో సగం ఈ మూడింటినీ ఒకేచోట చేర్చడమే.

ఆసుపత్రివాళ్లను కూర్చోబెట్టి నిదానంగా అడిగితే వచ్చే జాబితా ఇంకోలా ఉంటుంది. కీమో మందులు కలిపే నర్సులకు వాటి ఆవిరి సోకకుండా కాపాడే క్యాబినెట్. మందు చుక్కల లెక్క తప్పకుండా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు. గంటల తరబడి వెనక్కి వాలి కూర్చోగలిగే కుర్చీలు. పాథాలజీ గదిలో మైక్రోటోమ్. పరీక్షకని శరీరం నుంచి తీసిన బయాప్సీ ముక్కను మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే ఉండే మందాన పొరలుగా కోసేది అదే. ఆ పొరను సూక్ష్మదర్శినిలో చూసి ఇది ఫలానా కేన్సర్ అని తేల్చేవరకు చాలా కేన్సర్లలో చికిత్స మొదలుకాదు. అయినా మైక్రోటోమ్ మీద తన పేరు చెక్కించమన్న దాత ఇంతవరకూ నాకు తారసపడలేదు.

అపోహ: డబ్బంతా మందులకూ యంత్రాలకే పోవాలి. బస్సు ఛార్జీలు, బస ఖర్చులు వైద్యం కిందికి రావు.

వాస్తవం: రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. బల్ల మీద పడుకునేది కొద్ది నిమిషాలే, దానికోసం రోజూ రానూపోనూ చేసే ప్రయాణానికి పూట గడిచిపోతుంది. దూరాన ఉన్నవాళ్లు రెండు వారాలు వచ్చి మానేస్తారు. వాళ్ల విషయంలో అంత ఖరీదైన యంత్రమూ వృథా అయినట్టే. అమెరికన్ కేన్సర్ సొసైటీ 1970లోనే చార్ల్స్‌టన్‌లో హోప్ లాడ్జ్ పేరిట రోగులకు, తోడు వచ్చినవాళ్లకు ఉచిత బస ఏర్పాటు చేసింది. నన్నడిగితే, మొదటి ఏడాది వసూలైన సొమ్ముతో ఏం చేయాలో తేలనప్పుడు ప్రయాణ ఖర్చుల నిధి పెట్టడమే అన్నింటికంటే మంచిది. ఫలితం ఆ నెలలోనే తెలుస్తుంది: మధ్యలో మానేసినవాళ్లు ఎందరో గత ఏడాది పుస్తకం, ఈ ఏడాది పుస్తకం పక్కపక్కన పెట్టి చూస్తే సరి.

అపోహ: ‘ఫలానా పనికే వాడాలి’ అని షరతు పెట్టి ఇస్తేనే డబ్బు దారి తప్పదు.

వాస్తవం: షరతు రెండువైపులా పదునున్న కత్తి. ఇది నా సొంత తప్పుతో నేర్చుకున్న సంగతి. ఒకసారి ఒక నిర్దిష్ట పరికరం పేరు రాసి, దానికే అని చందాలు అడిగాము. సేకరణ సగంలో ఉండగానే ఆసుపత్రికి వేరే దారిలో అదే పరికరం వచ్చేసింది. మా దగ్గర డబ్బు ఉంది, పక్క గదిలో పంపుల కొరత ఉంది, దీన్ని దానికి వాడటానికి వీల్లేదు. రసీదులు తిరగేసి, దాతలందరికీ ఉత్తరాలు రాసి, ఒప్పుకోనివారికి డబ్బు వాపసు ఇచ్చేసరికి నెలలు గడిచాయి. ఇప్పుడు ప్రతి కరపత్రం అడుగున ఒక వాక్యం తప్పక ఉంటుంది: అనుకున్న అవసరం తీరిపోయినా, సొమ్ము ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా, మిగిలినది ఇదే ఆసుపత్రిలో కేన్సర్ రోగుల ఇతర అవసరాలకు వాడతాము. ఈ వాక్యం చూసి వెనక్కి తగ్గిన దాత ఒక్కరు కూడా లేరు.

షరతును ఎలా రాయాలో చూపించిన మనిషి మళ్లీ మేరీ క్యూరీయే. 1921లో అమెరికా మహిళలు సుమారు లక్ష డాలర్లు పోగుచేసి ఆమెకు ఒక గ్రాము రేడియం కొన్నారు. అధ్యక్షుడు హార్డింగ్ చేతుల మీదుగా బహూకరణ. ముందురోజు రాత్రి దానపత్రం చదివిన ఆమె, దాన్ని అప్పటికప్పుడు మార్చాలని పట్టుబట్టారు. పత్రంలో ఉన్నట్టు అది తన సొంత ఆస్తి అయితే, తన తర్వాత వారసత్వంగా కూతుళ్లకు పోతుంది. అది ప్రయోగశాలకు చెందాలన్నది ఆమె పట్టుదల. పొద్దుపోయాక లాయరును వెతికి తెచ్చి మార్పించారు. పొద్దున చూసుకుందాం అన్నవాళ్ల మాట ఆమె వినలేదు. కమిటీ సమావేశాల్లో నన్ను ‘అక్షరాలు పట్టుకుని వేలాడుతున్నావు’ అని విసుక్కునేవారికి నేను చెప్పే కథ ఇది.

అపోహ: పరిపాలన ఖర్చు సున్నా అని చెప్పేవాళ్లే నిజాయితీపరులు.

వాస్తవం: రసీదు పుస్తకానికీ, ఆడిట్‌కూ, బ్యాంకు రుసుములకూ ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉంటారు. సున్నా అంటే ఆ ఖర్చు వేరే పద్దులో ఉందనైనా అర్థం, లెక్కలే రాయడం లేదనైనా అర్థం. మూడేళ్ల లెక్కలు చూపించమని అడగండి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, మిగిలినది ఎక్కడుంది అని. తడుముకోకుండా చూపించినవాళ్లకు ఇవ్వండి.

అపోహ: కార్యక్రమం ఎంత ఘనంగా ఉంటే అంత రాబడి.

వాస్తవం: వేదిక, మైకులు, జ్ఞాపికలు, అతిథుల రాకపోకలు పోగా మిగిలినదే రాబడి. జ్ఞాపికల దగ్గర చేయి బిగించండి. అవి చివరికి ఎవరి అటకెక్కుతాయో మనందరికీ తెలుసు.

అపోహ: కన్నీళ్లు పెట్టించే ఫొటో ఉంటేనే జనం ఇస్తారు.

వాస్తవం: కథ కావాలి, నిజమే. ఆ కథ మనదా, రోగిదా అన్నదే ప్రశ్న. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న 12 ఏళ్ల పిల్లవాడు ఒక రేడియో కార్యక్రమంలో మాట్లాడాడు. తన అభిమాన బేస్‌బాల్ జట్టు ఆటలు చూడటానికి టీవీ కావాలన్నాడు. కేన్సర్ పిల్లల కోసం ఆ కార్యక్రమం శ్రోతలను అడిగింది 20 వేల డాలర్లు, వచ్చింది 2 లక్షలకు పైగా. కేన్సర్ కోసం నేటికీ నడుస్తున్న జిమ్మీ ఫండ్ అలా ఊపందుకుంది. ఆ పిల్లవాడి పేరు జిమ్మీ కాదు. అతని గోప్యత కాపాడటానికి పెట్టిన మారుపేరు అది. అతను చిన్నప్పుడే చనిపోయి ఉంటాడని చాలామంది అనుకున్నారు. 1998లో, అంటే 50 ఏళ్ల తర్వాత, ఐనర్ గుస్టాఫ్‌సన్ అనే ఆ మనిషి లోకానికి కనిపించాడు. మారుపేరుతో, ముఖం చూపకుండా అంత నిధి పోగైంది మరి!

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఒకావిడ సంతోషంగా అనుమతి ఇస్తే, జుట్టు రాలిన ఆమె ఫొటోను పోస్టరు మీద వేశాము. ఆమె కోలుకుంది, మళ్లీ ఉద్యోగంలో చేరింది. పోస్టరు మాత్రం ఇంకా గోడల మీదే ఉంది. ‘నన్ను చూసినవాళ్లంతా ఆ ఫొటోనే చూస్తున్నారండీ’ అని ఒకరోజు మెల్లగా అంది. అనుమతి తీసుకున్నాం కదా అని నేను సమాధానపడలేకపోయాను. ఇప్పుడు మా అనుమతి పత్రానికి ఏడాదే గడువు. గడువు తీరితే మళ్లీ అడగాలి. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా వద్దనవచ్చు. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను వాళ్ల వైద్యుల చేత అడిగించకూడదన్న నియమం కూడా పెట్టుకున్నాం. చికిత్స చేస్తున్న డాక్టరు అడిగితే కాదనగలిగే రోగి ఎవరు?

అపోహ: పెద్ద దాతలు నలుగురు దొరికితే చాలు, చిల్లర చందాలతో ఏమవుతుంది?

వాస్తవం: ఎముక కేన్సర్‌తో కుడికాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో కెనడా తూర్పు తీరం నుంచి పరుగు మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో చాలాచోట్ల పట్టించుకున్నవాళ్లే లేరు. దారిలో పోర్ట్ ఓ బాస్క్ అనే సుమారు పదివేల జనాభా ఉన్న ఊరు పదివేల డాలర్లకు పైగా ఇచ్చింది. తలకు ఒక డాలరు! దేశమంతా అలా ఇస్తే అన్న ఆలోచన అతనికి అక్కడే బలపడింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక కేన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరికి నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభాతో సమానమైన మొత్తం అది.

నా అనుభవంలో చిన్న నెలవారీ చందాల బలం వేరేచోట ఉంది. పెద్ద దాత ఒకరు మనసు మార్చుకుంటే నర్సు జీతం ఆగిపోతుంది. మూడు వందల మంది ఒకే నెలలో మనసు మార్చుకోవడం జరగదు. యంత్రానికి పెద్ద దాతను అడుగుతాను, మనిషికి చిన్న చందాలను నమ్ముకుంటాను.

అపోహ: వస్తువులిస్తే మేలు, డబ్బయితే ఎవరో మింగేస్తారు.

వాస్తవం: ఇంట్లో మిగిలిన మందులు తేవద్దు. అవి ఎలా నిల్వ ఉన్నాయో తెలియదు కాబట్టి ఆసుపత్రి తీసుకోలేదు. తెల్లరక్తకణాలు పడిపోయిన రోగులున్న వార్డుల్లో చాలాచోట్ల పూలను కూడా అనుమతించరు. ఇన్‌ఫెక్షన్ భయం. బొమ్మలైతే కొత్తవి, కడగడానికి వీలైనవి. తెచ్చేముందు ఒక ఫోను చేయండి, అంతే.

అపోహ: ఒక రోగి కోసం సేకరించినా, విభాగం కోసం సేకరించినా ఒకటే.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ తగవులు ఇక్కడే వస్తాయి, ఎవరూ ముందుగా మాట్లాడుకోరు కాబట్టి. ఒక మనిషి పేరు మీద డబ్బు వస్తూ ఉండగానే ఆ మనిషి చనిపోతే? మిగిలినది కుటుంబానిదా, ఆసుపత్రిదా, దాతలదా? దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి ఈ ప్రశ్న అడగడం కంటే కష్టమైన పని నేను ఈ వృత్తిలో చేయలేదు. రెండుసార్లు చేశాను. అప్పటినుంచి ఒక రోగి కోసం అని వచ్చేవారికి మొదటి కాగితంలోనే ఆ ప్రశ్న పెడుతున్నాను. మాటలు మెత్తగానే రాస్తాం: ‘చికిత్సకు అవసరం లేకపోయిన సందర్భంలో మిగిలిన సొమ్మును ఎలా వాడమంటారు?’ కింద మూడు గడులు ఉంటాయి.

చాలామంది అది చదివి కాసేపు కలం పట్టుకుని ఊరుకుంటారు. 1948లో లండన్‌లో కేన్సర్‌తో చనిపోతున్న డేవిడ్ టాస్మా అనే శరణార్థి, తనను చూడవచ్చే ఆసుపత్రి సామాజిక కార్యకర్త సిసిలీ సాండర్స్‌కు 500 పౌండ్లు రాసిచ్చాడు. మీరు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనవుతాను అన్నాడట. ఆ ఇల్లు, చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, తెరుచుకునేసరికి 1967 వచ్చింది. 19 ఏళ్లు! నేను ఆ కథ ఈ కాగితం ముందున్నవాళ్లకు చెప్పను, అది ఒత్తిడి చేయడమవుతుంది. నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, గది బయట కూర్చుంటాను. ఒకసారి ఒక పెద్దాయన మూడు గడులూ కొట్టేసి కింద తన రాతలో రాసిచ్చారు: ‘నా పక్క మంచం అబ్బాయికి.’ ఆ అబ్బాయి పేరు ఆయనకు తెలియదు. వార్డు రిజిస్టరు తెప్పించి, మంచం నంబరు చూసి, రసీదు మీద రాసుకున్నాం.