అమ్మమ్మ కడుపు మంట గురించి

విశాఖపట్నం, జాలరిపేట

చిరంజీవులు హర్షకి, సాహితికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో సాహితి, "అమ్మమ్మకి కడుపులో వాపంటున్నారు, అంటే కేన్సరా తాతయ్యా?" అని అడిగింది. కాదమ్మా. కానీ ఆ రెండింటికీ చుట్టరికం ఉంది. ముప్పై ఏళ్లు ల్యాబులో బయాప్సీ ముక్కలకు, అంటే పరీక్ష కోసం ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కలకు, రంగులద్దినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

అమ్మమ్మ పొట్టలో ఉన్నది హెలికోబాక్టర్ పైలోరీ అనే మెలికల సూక్ష్మజీవి. ఎక్కువమందికి చిన్నతనంలోనే ఒంట్లో చేరుతుంది. పొట్టలో ఆమ్లం ఉంటుంది కదా, అందులో ఏదీ బతకదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. ఇది తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆ ఆమ్లాన్ని విరిచేసి బతుకుతుంది. కారం వల్ల, దిగులు వల్ల అల్సర్లు వస్తాయని అందరూ అంటున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ల్యాబులో పెంచగలిగారు. ఈస్టర్ సెలవులకి సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్లు ఇంక్యుబేటర్లో ఎక్కువ రోజులు ఉండిపోవడం వల్లే అది మొలిచింది! తర్వాత మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని తనే తాగి, పొట్టలో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ వాపు ఏళ్ల తరబడి ఆరకపోతే కొందరిలో ఆమ్లం చేసే గ్రంథులు కృశిస్తాయి. ఆ చోట పేగు కణాలు పుట్టుకొస్తాయి. మైక్రోస్కోపులో నేను ఎన్నోసార్లు చూశాను: ఊదారంగు వరసల మధ్య తెల్లగా, ఖాళీ గిన్నెల్లాంటి కణాలు. అవి పేగులో ఉండాల్సినవి. పొట్ట ముక్కలో కనబడితే నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత కణాల వరస చెదరడం, ఆపైన కేన్సర్. దీనికి దశాబ్దాలు పడుతుంది. ఈ సూక్ష్మజీవి ఉన్న నూరుమందిలో ఒకరిద్దరు, మహా అయితే ముగ్గురు, అంతదాకా వెళ్తారు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఉప్పు, పొగాకు ఈ దారిని ఇంకా సులువు చేస్తాయి. మన వీధిలో ఇసుక మీద ఆరే ఎండుచేపలు మీకెంత ఇష్టమో తెలుసు. అప్పుడప్పుడు తినండి, కానీ రోజూ వద్దు.

నాకు బాధగా ఉన్నది ఒక్కటే. పదేళ్లుగా అమ్మమ్మ గులాబి రంగు సిరప్ తాగి మంట అణిచేసుకుంది. ఇన్ని స్లైడ్లు చూసిన నేను, "గ్యాసేలే" అని ఊరుకున్నాను. అదృష్టం, ముక్క పరీక్షలో వాపు తప్ప ఆ తెల్ల గిన్నెలు కనబడలేదు. ఉంటే సూక్ష్మజీవి పోయినా మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ చేసి కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. ఎవరికైనా బరువు తగ్గిపోతున్నా, మలం నల్లగా వస్తున్నా, రెండు ముద్దలకే కడుపు నిండినట్టున్నా సిరప్‌తో సరిపెట్టనివ్వకండి.

రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లం తగ్గించే మాత్ర, పద్నాలుగు రోజుల కోర్సు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నోరంతా చేదంటోంది, అయినా ఒక్క పూటా మానలేదు. మందులయ్యాక నెల ఆగి, సూక్ష్మజీవి పోయిందో లేదో చూసే ఊపిరి పరీక్షకి తీసుకెళ్తాను. ఫలితం రాగానే ముందు సాహితికే ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య