చిల్లు పడ్డ జెండాను ఎందుకు కుట్టరు? మ్యూజియంల గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో తాళపత్రాలు, పాత కాగితాలు, గుడ్డలు పాడవకుండా చూసే పని నాది. మా అమ్మాయిని చూడటానికి రొమేనియా వెళ్లినప్పుడు, తిమిషోవారా ఊళ్లో, కమ్యూనిస్టు నియంత చౌషెస్కును దించిన 1989 తిరుగుబాటు మ్యూజియం చూసొచ్చాను. ఫొటోలు చూసి మావాళ్లు అడిగినవీ, పనిలో రోజూ వినేవీ కలిపి రాస్తున్నాను.

అపోహ: "చిన్న మ్యూజియమే కదా, ఏముండాది ఆడ చూసేదానికి?"

కొండకు వచ్చినవాళ్లు చాలామంది చంద్రగిరి కోటను కూడా ఇలాగే గబగబా చుట్టేసి బస్సెక్కుతారు. తిమిషోవారాలో ఉన్నవి కొన్ని గదులు, ఫొటోలు, ఒక డాక్యుమెంటరీ. కానీ ఒక్క జెండా దగ్గరే నాకు అరగంట పట్టింది. రొమేనియా జెండా అది: నీలం, పసుపు, ఎరుపు పట్టీలు. నడుమ ఉండాల్సిన కమ్యూనిస్టు ప్రభుత్వ చిహ్నాన్ని జనం కోసి పారేశారు. చిల్లు గుండ్రంగా లేదు. ఒక పక్క కత్తెర జారి ఎరుపులోకి దూసుకుపోయింది. అంచున దారాలు వేలాడుతున్నాయి.

"అంచు మడిచి నాలుగు కుట్లు వేయొచ్చు కదమ్మా" అంది మా పిన్ని ఫొటో చూసి. వేయకూడదు పిన్నీ. కోసినవాళ్ల తొందర, కోపం ఆ అంచులోనే ఉన్నాయి. దారం రాలకుండా వెనక పల్చటి వల గుడ్డ ఆనిస్తాం, అంతే.

అపోహ: నియంతను దించాలంటే పెద్ద నాయకుడో, పార్టీయో ఉండాలి.

అక్కడ తిరుగుబాటు మొదలైంది ఒక ఇల్లు ఖాళీ చేయించే గొడవతో. లాస్లో టేకేష్ అనే, రొమేనియాలోని హంగేరియన్ మైనారిటీకి చెందిన పాస్టరును ప్రభుత్వం ఊరి నుంచి పంపేయాలని చూసింది. ఆయన సంఘస్థులు ఇంటి చుట్టూ కాపలా నిలబడ్డారు. వాళ్ల భాషా, చర్చీ వేరైనా రొమేనియన్లూ వచ్చి కలిశారు. డిసెంబరు 16కి అది ఊరంతా పాకింది. 17న సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. 20న తిమిషోవారా తనను తాను స్వేచ్ఛా నగరంగా ప్రకటించుకుంది. 22న నియంత చౌషెస్కు హెలికాప్టర్ ఎక్కి పారిపోయాడు.

అపోహ: చనిపోయినవాళ్ల లెక్క ఎంత పెద్దగా చెబితే త్యాగానికి అంత గౌరవం.

ఈ మాట నన్ను బాగా బాధపెడుతుంది. అప్పట్లో ఒక్క తిమిషోవారాలోనే నాలుగు వేలమందికి పైగా చనిపోయారని విదేశీ వార్తలు చెప్పాయి. పేదల శ్మశానంలో అంతకుముందే పాతిపెట్టిన శవాలను తవ్వి, కాల్పుల్లో పోయినవాళ్లవని టీవీల్లో చూపించారు. చౌషెస్కు మీద విచారణలో 60,000 మంది అన్నారు. నిజానికి దేశం మొత్తం మీద చనిపోయింది 1,100 మందికి పైగా. వాళ్లలోనూ ఎక్కువమంది ఆయన పారిపోయాక జరిగిన కాల్పుల్లో పోయినవాళ్లు.

ఇంకో పక్క, ప్రభుత్వం శవాలనే మాయం చేసింది. తిమిషోవారా ఆసుపత్రి నుంచి 40కి పైగా మృతదేహాలను రాత్రికి రాత్రే రాజధాని బుకారెస్టుకు తరలించి, కాల్చి, బూడిదను మురుగు కాలువలో పోయించింది. పిడికెడు అస్థికలు కూడా దక్కని ఇళ్లవి. ఆ కుటుంబాలకు మిగిలింది పేరే. అలాంటిచోట లెక్క పెంచి చెప్తే, ఆ పేర్లను కూడా జనం నమ్మడం మానేస్తారు. ఈ మ్యూజియం పెట్టిన సంఘానికి అధ్యక్షుడిగా చేసిన ట్రాయన్ ఓర్బాన్ కూడా ఆ డిసెంబరులో తుపాకీ గుండు తగిలిన పశువైద్యుడు.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితం నూరేళ్లు ఉంటుంది.

ఇది మన ఊరి సంగతి. 1975 ఎమర్జెన్సీలో జైలు నుంచి తన అన్న రాసిన ఉత్తరం ఒక పెద్దాయన తెచ్చారు. భద్రంగా ఉంటుందని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించారట. ఆ వేడికి జిగురు కాగితంలోకి దిగిపోయింది. ఇక ఆ ప్లాస్టిక్‌ను ఊడదీస్తే అక్షరాలూ ఊడొస్తాయి. ఆయన ముందు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మీ ఇంట్లో అలాంటి ఉత్తరమో, కరపత్రమో ఉంటే ముందు ఫొటో తీసుకోండి. గుండుసూదులుంటే మెల్లగా తీసేయండి. ఆమ్లం లేని కాగితపు కవరులో, మడవకుండా, బీరువాలో తడి తగలని అరలో పెట్టండి. మడత దగ్గర చిరిగి ఉంటే సెల్లోటేపు వేయకండి. చిరుగుతోనే తీసుకురండి.