నాపరాయి మీద తెల్లమచ్చ, దాని మీద యాసిడ్

బెంగళూరులో ఇల్లు కట్టుకున్న మనవాళ్ళు చాలామంది తోటలో కూర్చోవడానికి నల్ల కడప బండలు పరిపించుకుంటారు. మేమూ అదే చేశాం. అమ్మమ్మగారింట్లో నాపరాళ్ళ మీద పడుకుని పెరిగినదాన్ని, ఆ చల్లదనం ఇక్కడా కావాలనిపించింది. మొదటి వానాకాలం దాటేసరికి సందుల వెంబడి తెల్లటి చారలు, బండల మీద పిండి చల్లినట్టు మచ్చలు. మేస్త్రి వచ్చి చూసి "యాసిడ్ పోసి కడిగేయండి మేడమ్, పోతుంది" అన్నాడు. కడిగాం. తెలుపు పోయింది, దాంతోపాటు బండ నలుపూ పోయింది.

ఆ తెల్లపొడి చాలావరకు బండ కింద వేసిన సిమెంటులోంచి వస్తుంది. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనం గోడలకు వేసే తడి సున్నమే, తయారవుతుంది. బండ కింద నీళ్ళు నిలిస్తే అది కరిగి సందుల్లోంచి, రాతిలోని సన్న రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది. ఎండకు నీరు ఆవిరైపోయాక మిగిలిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. వెల్ల వేసిన గోడ గట్టిపడేదీ ఇలాగే.

మరి నాపరాయి? అదీ సున్నపురాయే, ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది, దాన్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. అంటే పైన తేలిన మచ్చా, కిందున్న బండా దాదాపు ఒకటే పదార్థం! బాత్రూములు కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెంటినీ ఒకేలా తినేస్తుంది. పోయగానే బుసబుసమని నురగ పొంగుతుంటే మురికి వదులుతోందని సంబరపడతాం, నిజానికి మన బండ కరిగిపోతోంది. నునుపు పోయిన రాయి మీద వెలుతురు అన్నివైపులా చెదిరిపోతుంది కాబట్టి బూడిదరంగులో కనిపిస్తుంది. నీళ్ళు చల్లితే కాసేపు మళ్ళీ నల్లబడేది ఆ గరుకులో నీరు నిండినందుకే. పైగా మిగిలిపోయే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కునే లవణం, సరిగ్గా కడగకపోతే తడి ఆరనే ఆరదు.

ఈ రాయికి పొరలుండటం వల్లే గనుల్లో రంపం లేకుండా పలకలుగా విడగొట్టగలిగారు, తోటలో దాని బలహీనత కూడా ఆ పొరలే. లవణాలు పైదాకా రాకుండా పొర లోపలే స్ఫటికాలుగా గడ్డకడితే పై పొరను నెట్టేస్తాయి, అంచులు పెచ్చులుగా లేస్తాయి. చలిదేశాల్లో ఈ పని మంచు చేస్తుంది, నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది మరి. బెంగళూరులో ఆ బెడద లేదు.

గ్రానైట్ వేసుకుంటే పోలేదా అంటారేమో. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడ్డ బండ దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిది, అలాంటి రాయిని ఈ యాసిడ్ అలా కరిగించలేదు. కానీ అందులోని ఇనుమును కదిలించి తుప్పురంగు మరకలు తేగలదు. అందుకే ఏ రాయికైనా యాసిడ్ వద్దంటాను.

చివరికి మా బండలన్నీ లేపించాం. ఒక్కో బండ కింద నాలుగు మూలలా, నడుమ ఒకటి, అయిదు ముద్దల సిమెంటు పెట్టి అద్దేశారు! వాన వెలిసి వారమైనా ముద్దల మధ్య నీళ్ళు అలాగే ఉన్నాయి. ఈసారి కింద కంకర, దానిపైన బండ అడుగంతా అంటుకునేలా మాలు, ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు. సీలర్, అంటే రాతిలోకి నీరు ఇంకకుండా పైన పూసే పూత, కొట్టేయమన్నారు, తడి పూర్తిగా ఆరకుండా కొడితే నీరు లోపలే చిక్కుకుపోతుందని ఆగాం. వారం తర్వాత ప్రతి బండనూ కర్రతో తట్టి చూస్తే రెండు డొల్లగా మోగాయి, వాటిని మళ్ళీ వేయించాం. ఇంకా అక్కడక్కడా తెల్లపొడి వస్తోంది. తడపకుండా, పొడి బ్రష్‌తో రుద్ది ఎత్తేస్తున్నాను.