ఎలక్ట్రోస్పిన్నింగ్: బీడ్స్ వస్తే కేవీ పెంచకండి

కాలేజీ ల్యాబులకు ఎలక్ట్రోస్పిన్నింగ్ సెటప్‌లు తయారు చేసి ఇవ్వడం నా పని. సిరంజి సూదిలోంచి వచ్చే పాలిమర్ ద్రావణాన్ని హైవోల్టేజ్‌తో సన్నటి జెట్‌గా లాగి, ఎదురుగా ఉన్న కలెక్టర్ మీద నానోఫైబర్లుగా పడేలా చేసే పద్ధతి ఇది. స్కాలర్లు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, సెమ్‌లో అన్నీ బీడ్సే కనిపిస్తున్నాయి. 30 కేవీ సప్లై తీసేసి 50ది పెట్టిస్తారా?" (సెమ్ అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, బీడ్స్ అంటే ఫైబర్ మీద పూసల్లా మిగిలే ఉండలు, కేవీ అంటే కిలోవోల్ట్.)

పెట్టను. అమ్మితే నాకు లాభమే, అయినా పెట్టను.

అపోహ: వోల్టేజ్ పెంచేకొద్దీ ఫైబర్ సన్నబడుతుంది, బీడ్స్ పోతాయి.

వాస్తవం: సూది కొన దగ్గర టేలర్ కోన్, అంటే ద్రావణం చుక్క సాగి శంకువులా మారిన రూపం, నిలకడగా నిలబడేంత వోల్టేజ్ ఉంటే చాలు. కలెక్టర్ 10-15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మామూలు పాలిమర్లకు 10 నుంచి 25 కేవీ సరిపోతుంది. ఫైబర్ సన్నబడేది ఆ తర్వాత, జెట్ గాలిలో మెలికలు తిరుగుతూ సాగేటప్పుడు. వోల్టేజ్ మరీ పెంచితే కోన్ సూదిలోకి వెళ్లిపోతుంది, ఒక జెట్ బదులు రెండు మూడు లేస్తాయి. సాగడానికీ ఆరడానికీ వ్యవధి లేకుండానే కలెక్టర్‌ను చేరతాయి. ఉన్న బీడ్స్ ఇంకా పెరగొచ్చు కూడా.

అసలు కారణం చాలాసార్లు మీ సిరంజిలోనే ఉంటుంది. తలతన్యత జెట్‌ను చుక్కలుగా తెంపాలని చూస్తుంది. పాలిమర్ గొలుసులు ఒకదానిలో ఒకటి బాగా చిక్కుకుని ఉంటేనే అది తెగదు. గాఢత గానీ అణుభారం గానీ తక్కువైతే ఆ చిక్కు పడదు. ద్రావణం వాహకత కూడా ముఖ్యమే. పీఈఓ (పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్) ద్రావణంలో ఉప్పు కలిపి వాహకత పెంచితే బీడ్స్ తగ్గుతాయని ఎలక్ట్రోస్పిన్నింగ్ పరిశోధకుడు రెనెకర్ బృందం 1999లోనే చూపించింది.

విశాఖ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. థీసిస్ గడువు దగ్గర పడింది, గైడ్ గారేమో మెషీన్‌దే తప్పంటున్నారట. పాపం, గొంతులో ఏడుపు. ద్రావణంలో పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) ఎంత శాతమమ్మా అంటే 5 అంది. గదిలో తేమ? ఎప్పుడూ చూడలేదట. వానాకాలం, సముద్రం పక్కన ఊరు, కొలిస్తే 80 దాటింది. ఆ గాలిలో నీటి ద్రావణం ఎలా ఆరుతుంది? గాఢత 10కి పెంచించి, డీహ్యూమిడిఫయర్‌తో తేమ 45కి దించాక, అదే సప్లై మీద 18 కేవీ దగ్గర ఫైబర్లు శుభ్రంగా వచ్చాయి. కాబట్టి సప్లై మార్చే ఆలోచన పక్కన పెట్టి ముందు అణుభారం, గాఢత, తేమ, దూరం, ఫ్లో రేట్ నోట్‌బుక్‌లో రాయండి. టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను.

ఫాయిల్ మీద తెల్లటి పొర పడితే నానోఫైబర్ వచ్చినట్టేనా? కాదు, స్ప్రే అయిన చుక్కలూ తెల్లగానే ఉంటాయి. సెమ్ చూడాల్సిందే.

పాత టీవీలోని ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌తో హైవోల్టేజ్ సప్లై చేసుకోవచ్చని వీడియోలు పెడుతున్నారు. దయచేసి వద్దు. వోల్టేజ్ నిలకడ ఉండదు, కరెంట్‌కు హద్దు ఉండదు.

"మైక్రోఆంపియర్లే కదా, షాక్ ఏం చేస్తుంది?" అంటారు. అది జెట్‌లో పారే కరెంట్. సప్లై ఇవ్వగలిగింది అంతకంటే చాలా ఎక్కువ. పైగా స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది. పెట్టె తలుపు తీయగానే సప్లై ఆగిపోయే ఇంటర్‌లాక్ లేకుండా నేను ఏ సెటప్పూ ఇవ్వను. అది ఉన్నా సరే, ఎర్త్ రాడ్‌ను (ఎర్త్‌కు కలిపిన లోహపు కడ్డీని) సూదికి తాకించాకే లోపల చెయ్యి పెట్టండి. అసిటోన్ లాంటి సాల్వెంట్ వాడుతుంటే ఎగ్జాస్ట్ ఆన్ చేయకుండా హైవోల్టేజ్ స్విచ్ ముట్టుకోకండి.