పుల్ల చెర్రీల పులుపు జామ్‌కి మేలు, పప్పుకి కీడు

మిషిగన్ నుంచి ఒక పాఠకురాలు రాశారు: "జులైలో పిల్లల సరదా కొద్దీ తోటకెళ్లి రెండు బకెట్ల చెర్రీలు కోసుకొచ్చాం. ఇంటికొచ్చి నోట్లో వేసుకుంటే పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. ఇన్నింటినీ ఏం చేసుకోవాలండీ?"

అవి పుల్ల చెర్రీలు. అమెరికాలో పండేవాటిలో సింహభాగం మిషిగన్‌వే. గింజ తీసి ఫ్రీజర్లో పెట్టడం, 'పై' (pie) అనే తీపి వంటకం చేయడం అక్కడ ఇరుగుపొరుగు ఎవరైనా చెబుతారు. ఇరాన్‌లో ఆల్బాలూ పొలో పేరుతో వీటిని అన్నంలో కలిపి వండుతారు, హంగరీలో చల్లటి సూప్ చేస్తారు. నేను మాత్రం జామ్ దగ్గరే ఆగుతాను. రసాయనశాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి ఆ గిన్నెలోనే జరుగుతుంది మరి.

పండ్ల కణాల గోడల్లో పెక్టిన్ అనే పొడవాటి అణువు ఉంటుంది. గెలాక్టురోనిక్ ఆమ్లం ముక్కలు వందల కొద్దీ వరసగా కలిసిన గొలుసు అది. ఈ గొలుసులు అక్కడక్కడా అతుక్కుని, మధ్యలో నీటిని కదలనీయకుండా పట్టేస్తే జామ్ గడ్డకట్టినట్టు.

అయితే అవి తేలిగ్గా దగ్గరకు రావు. గొలుసు పొడవునా ఉన్న ఆమ్ల సమూహాలు ప్రోటాన్‌ను (ధనావేశమున్న హైడ్రోజన్ కణాన్ని) వదిలేస్తే అక్కడ ఋణావేశం మిగులుతుంది, గొలుసులు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. చలికాలంలో పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వితే వెంట్రుకలు దేనికది విడిపోయి లేచి నిలబడతాయి చూడండి, అక్కడా కారణం ఇదే: ఒకే రకం ఆవేశాలు. చెయ్యి తడి చేసుకుని నిమిరితే ఆవేశం పోయి జుట్టు అణుగుతుంది, వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. జామ్‌లో ఆ తడి చెయ్యి పని చేసేది పులుపు. పండులోని మాలిక్ ఆమ్లం ప్రోటాన్లను అందిస్తుంది, ఆవేశాలు సద్దుమణుగుతాయి, గొలుసులు దగ్గరవుతాయి.

ఎంత పులుపు కావాలో లెక్క కట్టొచ్చు. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే అంత పులుపు. సగం సమూహాలు ప్రోటాన్‌ను వదిలేసే పీహెచ్‌ని పీకేఏ అంటారు, ఈ సమూహాలకు అది సుమారు 3.5. అంటే పీహెచ్ 3.5 దగ్గర సగం సమూహాలకు ఆవేశం ఉంటుంది. తియ్య చెర్రీల పీహెచ్ దాదాపు 4, అక్కడ నాలుగింట మూడు వంతులకు ఉంటుంది. పుల్ల చెర్రీ రసం 3.2 దాకా దిగగలదు, అక్కడ మూడోవంతుకే. తియ్య చెర్రీ జామ్‌లో నిమ్మరసం పిండమనేది అందుకే. ఈ లెక్క వెనకున్న హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణాన్ని మన పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. స్టవ్ మీద జామ్ గిన్నె పెట్టి ఇదే అది అని ఒక్కసారి చూపించే మాస్టారు దొరికితే ఎంత బాగుండు!

ఆవేశం తగ్గితే సరిపోదు, గొలుసులను చుట్టుకున్న నీళ్లూ తప్పుకోవాలి. ఆ నీటిని లాక్కునేది పంచదార. గిన్నెలో అది 65 శాతం దగ్గరకు రావాలి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో థర్మామీటర్ 105 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే అక్కడికి వచ్చినట్టే. చెర్రీల్లో పెక్టిన్ తక్కువ కాబట్టి, పుల్లటి ఆపిల్ ముక్కలో, షాపులో దొరికే పెక్టిన్ పొడో కలపండి. ఆ పొడి కూడా ఆపిల్ పిప్పి నుంచి, నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి తీసిందే. గంటలకొద్దీ మరిగిస్తే గొలుసులు తెగిపోతాయి, వెడల్పాటి గిన్నెలో పెద్ద మంట మీద త్వరగా దించేయాలి.

గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని పిల్లల్ని భయపెట్టకండి. పొరపాటున ఒకటి మింగితే గట్టి పెంకుతో అలాగే బయటికొచ్చేస్తుంది. అసలు భయపడాల్సింది గింజ లోపలి పప్పుకి. దాన్ని నలిపితే అందులోని అమిగ్డలిన్ అనే పదార్థం నుంచి సైనైడ్ విషం పుడుతుంది. గింజలతో సహా మిక్సీలో వేయొద్దు.

ఇక మన వంటకి వస్తే, మామిడికాయ దొరకని చోట ఈ చెర్రీలతో పప్పు చక్కగా కుదురుతుంది. అయితే జామ్‌కి సాయం చేసిన పులుపే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. కందిపప్పు మెత్తబడాలంటే కణాలను అతికించి ఉంచిన పెక్టిన్ గొలుసులు తెగాలి. పులుపులో ఆ తెగడం బాగా నెమ్మదిస్తుంది, పప్పు పలుకుగానే ఉండిపోతుంది. చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా ఉడికేది దీనికి వ్యతిరేక కారణంతోనే. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పొయ్యమని అమ్మమ్మలు చెప్పే మాటలో ఈ రసాయనశాస్త్రమంతా ఉంది. కాబట్టి పప్పును విడిగా ఉడికించి మెదపండి. చెర్రీలను పచ్చిమిర్చి, ఉప్పుతో వేరే మగ్గించి అప్పుడు కలపండి. చెర్రీల్లో కొంత తీపి కూడా ఉంటుంది కనుక మిర్చి ఒకటి రెండు ఎక్కువ పడుతుంది. కలిపాక ఆ నిగనిగలాడే ఎరుపు మాసిపోతుంది, కంగారు పడకండి. చెర్రీకి రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపులోనే ఎర్రగా ఉంటాయి. పప్పు కలిసి పులుపు పలచబడేసరికి ఊదా వైపు తిరుగుతాయి, పసుపుతో కలిసి గోధుమరంగుగా కనిపిస్తాయి. రుచికి ఢోకా లేదు.