దొడ్లోకి మారిన పొగ

చలి ముదిరితే కోనసీమ ఊళ్లలో ఈ తగవు మళ్లీ లేస్తుంది. తెల్లారకముందే దొడ్లో కొబ్బరి మట్టలు అంటించి వేణ్ణీళ్లకు కాగు పెడతారు. ఆ పొగ మంచులో పైకి లేవదు, పక్కింటి కిటికీలో దూరుతుంది. ఆ ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లాడో పెద్దాయనో ఉంటే మాటా మాటా పెరుగుతుంది. "ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తుంటే ఇంకా ఈ పొయ్యిలేంటి?" అని అడుగుతారు.

కట్టెల పొయ్యి ముందు మన అమ్మమ్మలు పడ్డ అవస్థ, 1980ల నాటి పొగలేని పొయ్యిలు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1999లో ఉంది. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళలకు ప్రభుత్వమే డిపాజిట్ కట్టి గ్యాస్ కనెక్షన్ ఇప్పించింది. వంటగది గోడల మీద మసి తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ పాత పొయ్యి ఆరలేదు, దొడ్లోకి మారింది. స్నానాల నీళ్లు, పండగలకు పెద్ద వంట దాని మీదే. గ్యాస్ తెచ్చుకున్న రోజు మా ఇంట్లో చెప్పింది రెగ్యులేటర్ ఎలా తిప్పాలి, ట్యూబ్ ఎప్పుడు మార్చాలి అన్నదే. పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. "ఆరుబయట పొగే కదా, గాలికి పోతుంది" అన్న నమ్మకం అలా పాతుకుపోయింది. నా దృష్టిలో నేటి తగవుకు మూలం అదే.

ఆ పొగ పోదు. చలికాలం తెల్లవారుజామున నేలను అంటుకున్న గాలి చల్లగా, దాని పై గాలి వెచ్చగా ఉంటుంది. మూత పెట్టినట్టు పొగ ఇళ్ల మధ్యే నిలిచిపోతుంది. పచ్చి మట్టా తడి డొక్కా సరిగ్గా మండవు కాబట్టి పొగ ఇంకా ఎక్కువ. అందులోని పీఎం 2.5 నలుసులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. ఇళ్లలో పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, పిల్లల్లో న్యుమోనియా ఆ లెక్కలో ఉన్నాయి. మన దగ్గర మాత్రం అంతా "చలికి దగ్గు" కిందే పోతుంది.

ఇక పొయ్యి వెలిగించే ఆడవాళ్ల మాట వినాలి. 2020 మే నుంచి చాలామందికి గ్యాస్ సబ్సిడీ జమ ఆగింది. 2022లో సిలిండర్ ధర వెయ్యి దాటింది. 2024 నవంబర్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 మొదలైంది. నాలుగు నెలలకొక సిలిండర్, అదీ ముందు డబ్బు కడితే తర్వాత ఖాతాలో పడే పద్ధతి. నలుగురున్న ఇంట్లో సిలిండర్ నెలా, నెలన్నర వస్తుంది, అదీ వంటకే. వేణ్ణీళ్లకు గ్యాస్ వాడితే ఇంకెంత ముందు అయిపోతుంది? గీజరు పెడితే కరెంటు బిల్లు టెన్షన్. మట్టలైతే చెట్టు కింద ఊరికే పడి ఉంటాయి. పొయ్యి మానేయమనే ముందు ఈ ఖర్చు సంగతి తేల్చాలి కదా.

గాలిని కొలిచే యంత్రం రాజమహేంద్రవరంలో ఉంది. అది చూపే గాలి నాణ్యత సూచీ రోజంతటి సగటు మీద కట్టింది. లంక ఊళ్లో ఒక సందులో తెల్లవారుజామున రెండు గంటలు నిలిచే పొగ దానికి అందదు. ఆ పొగ ఎంతో చెప్పగలిగేది పక్కింటి పిల్లాడి దగ్గొక్కటే.